గాలి సోకిందంటే ఏటండీ? – ఈ నెల ఉత్తరాలూ జవాబులూ

ఈ నెల కట్ట విప్పి చూస్తే నాలుగు ఉత్తరాలు నాలుగు ఊళ్ళ నుంచి, కానీ అన్నిట్లోనూ తిరిగేది ఒకటే మాట, గాలి. గాలి పట్టింది, గాలి కొట్టింది, పాడు గాలి సోకింది. మన గంజాం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు ఇళ్ళల్లో ఈ మాట లేకుండా ఒక్క చావు కబురు కూడా పూర్తవదు కదా. అందుకే మిగతా ఉత్తరాలు వచ్చే నెలకి తోసేసి ఈ నాలుగే తీసుకున్నాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: గురువుగారూ, మా తాతల నాటి నుయ్యి ఒకటుంది, పదేళ్ళ నుంచీ వాడకం లేదు. మొన్న వేసవిలో పూడిక తీద్దామనీసి ఒకాయన దిగాడు, మూడు నిలువులు దిగీసరికి చడీచప్పుడూ లేకుండా కూలబడిపోయాడు. ఆయన్ని తీద్దామని తమ్ముడు దిగాడు, ఆయనా అంతే. ఒంటి మీద గాయం లేదు, నీళ్ళు చూస్తే మోకాలి లోతు కూడా లేవు. నూతిలో గాలి ఉంది, పట్టీసింది అంటన్నారు ఊళ్ళో అందరూ. మా నాయనమ్మ ఐతే కోడిని కొయ్యమంటంది. ఇది ఏటండీ? ఇంకెక్కడైనా ఇలాగ జరిగిందా? – పర్లాకిమిడి దగ్గర పల్లె నుంచి ఒక డిగ్రీ కుర్రాడు

జవాబు: బాబూ, మీ ఊరివాళ్ళు అన్నది అక్షరాలా నిజం. నూతిలో గాలే ఉంది, గాలే చంపింది. కాకపోతే ఆ గాలికి కోడి అక్కర్లేదు.

వాడకం లేని నూతిలో ఆకులు, చెత్త, చచ్చిన ఎలకలు, అడుగున బురద, ఇవన్నీ కుళ్ళుతూ ఉంటాయి కదా, ఆ కుళ్ళేటప్పుడు అక్కడున్న ఆక్సిజన్ తినేసి కార్బన్ డయాక్సైడ్ వదుల్తాయి. అది మామూలు గాలి కంటే దగ్గర దగ్గర ఒకటిన్నర రెట్లు బరువు, నూతిలోకి గాలి కొట్టేది లేదు, కాబట్టి కంటికి కనబడని నీళ్ళలాగా అడుగున నిండిపోయి అలాగే ఉండిపోద్ది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. అది 10 కంటే కిందకి పడితే మనిషికి తెలివి తప్పుద్ది, 6 కంటే తగ్గితే నాలుగైదు ఊపిర్లకే కూలిపోతాడు, కేక వేసే టైమ్ కూడా ఉండదు. చడీచప్పుడూ లేదు అని నువ్వు రాసింది అందుకే. బురద మరీ కుళ్ళిపోతే హైడ్రోజన్ సల్ఫైడ్ అని ఇంకొకటి వస్తాది, మురిగిన గుడ్డు కంపు కొట్టేది, దాంతో ఇంకా మోసం ఏంటంటే అది ఎక్కువైన కొద్దీ ముక్కు మొద్దుబారిపోయి వాసనే తెలీదు, కంపు పోయింది హమ్మయ్య అనుకుంటాం, అప్పుడే అసలు ప్రమాదం.

మా చిన్నప్పుడు పెద్దవాళ్ళు నూతిలోకి మనిషిని దింపే ముందు లాంతరు దించేవారు, ఆరిపోతే ఆ రోజుకి పని బందు. తెలివైన పనే, ఆక్సిజన్ 16 శాతం దరిదాపుల్లోకి వచ్చేసరికి దీపం ఆరిపోద్ది, మనిషికి ఇంకా అంత ముప్పు రాకముందే. కానీ ఇవాళ దాన్నే నమ్ముకోకండి, హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి దీపం చెప్పలేదు, మీథేన్ అనే మండే గ్యాస్ గాని ఉంటే దీపమే అంటించేస్తాది.

ఇక ఆ తమ్ముడి విషయం. నాకు నిజంగా కడుపు తరుక్కుపోయేది ఇక్కడే. పేపర్లో ఇలాంటి వార్త ఎప్పుడు చదివినా చూడండి, పోయింది ఒక్కరే అని ఉండదు, ఇద్దరు, ముగ్గురు, ఒక్కోసారి ఇంటిల్లిపాదీ. మొదటివాడిని చంపింది గాలి, మిగతావాళ్ళని చంపింది ప్రేమ. పైనుంచి చూస్తే మనిషి కళ్ళు తిరిగి పడ్డట్టే ఉంటాడు, ఊపిరి బిగపట్టి ఒక్క అంగలో లాగేద్దాం అనిపిస్తాది, కానీ తాడు కట్టేలోపే ఊపిరి వదలక తప్పదు. దిగొద్దు. 101కో 112కో ఫోన్ చెయ్యండి, ఈలోగా పంపు గొట్టమో బ్లోయరో ఉంటే పైనుంచే మంచి గాలి కొట్టండి. అసలు దిగేవాడికి ముందే నడుముకి తాడు కట్టి, ఆ తాడు పైనున్న ఇద్దరి చేతిలో ఉంచుంటే ఈ ఉత్తరమే వచ్చేది కాదు.

సెప్టిక్ ట్యాంకుల కథా ఇదే. మనుషుల్ని అందులోకి దించకూడదని 2013లోనే చట్టం వచ్చింది, చనిపోతే ఇవ్వాల్సిన పరిహారాన్ని 2023లో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలకి పెంచింది, ఐనా ఇంకా దించుతూనే ఉన్నారు.

ఇంకెక్కడైనా జరిగిందా అన్నావు కదా. జరిగింది బాబూ, ఒక నూతిలో కాదు, ఒక లోయ మొత్తం. ఆఫ్రికాలో కామెరూన్ దేశం, అక్కడ న్యోస్ అని కొండల మధ్య ఒక చెరువు, చూడ్డానికి చాలా అందంగా ఉంటాది. 1986 ఆగస్టు 21 రాత్రి, జనం అన్నాలు తిని పడుకునే వేళ, ఆ చెరువులోంచి ఏదో పెద్ద చప్పుడు వచ్చింది. తెల్లారేసరికి చుట్టుపక్కల ఊళ్ళల్లో 1,746 మంది చచ్చిపడున్నారు, పశువులు ఇంకో 3,500. గోడలు కూలలేదు, కప్పులు లేవలేదు, ఎక్కడివాళ్ళక్కడ పడుకున్నట్టే ఉన్నారు. కొందరికి గంటల తర్వాత మెలకువ వచ్చింది, లేచి చూస్తే పక్కన పిల్లలు లేరు, అంటే ఉన్నారు గానీ లేరు. నీలంగా ఉండే చెరువు ఎర్రగా మారిపోయింది.

ఏం జరిగిందంటే, గోలీ సోడా గుర్తుందా? గోలీ నొక్కనంత సేపూ సీసాలో నీళ్ళు తేటగానే ఉంటాయి, గ్యాస్ అంతా నీళ్ళలోనే కరిగి ఉంటాది, గోలీ నొక్కగానే బుస్సుమంటాది కదా. న్యోస్ 200 మీటర్ల పైన లోతు. అది అగ్నిపర్వతం నోట్లో నిండిన చెరువు, కింద నుంచి కార్బన్ డయాక్సైడ్ ఊరుతూ అడుగు నీళ్ళలో కరుగుతూ ఉంటాది, పైనున్న నీళ్ళ బరువే దానికి గోలీ. ఆ రాత్రి అడుగు నీళ్ళు కదిలి పైకొచ్చాయి, బరువు తగ్గింది, బుడగలు మొదలయ్యాయి, ఆ బుడగలు మరిన్ని నీళ్ళని పైకి లాగాయి, ఇంకేముంది, చెరువు చెరువంతా పొంగిపోయింది. ఆ గ్యాస్ మబ్బు కొండ దిగి లోయల్లో పడి పాతిక కిలోమీటర్ల దాకా పోయింది, నీళ్ళు పారినట్టే పల్లం చూసుకుని పారింది. పైన గట్టు మీద ఇల్లు కట్టుకున్నవాళ్ళు బతికారు, పల్లంలో వాళ్ళు పోయారు. అడుగు నుంచి వచ్చిన ఇనుమే నీళ్ళకి ఆ ఎరుపు.

దీనికి రెండేళ్ళ ముందు, 1984లో, అదే దేశంలో మొనూన్ అనే చెరువు 37 మందిని ఇలాగే తీసుకుపోయింది, అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు, ఏదో విషప్రయోగం అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. 2001లో న్యోస్‌లో అడుగుదాకా పైపు దింపారు, గ్యాస్ అడుగున పేరుకుపోకుండా కొంచెం కొంచెంగా బయటకి పోనివ్వడానికి. ఒకసారి నీళ్ళు పైకి లాగి మొదలెడితే చాలు, గ్యాస్ బలానికే ఫౌంటెన్‌లా తన్నుకొస్తాది, కరెంటు కూడా అక్కర్లేదు. చంపిన గ్యాస్ చేతే కూలీ లేకుండా ఆ పని చేయించారు.

మీ నుయ్యికి మాత్రం మందపాటి ఇనప జాలీ వేయించండి, నాయనమ్మ గారికి నా నమస్కారం చెప్పండి, కోడిని వండుకోండి.

ప్రశ్న: సార్, జిల్లా పేరు గంజాం, కానీ గంజాం ఊరు చూస్తే చిన్నది, ఆఫీసులన్నీ ఛత్రపూర్‌లో, వ్యాపారం బరంపురంలో. పాడుబడ్డ కోట ఒకటి ఉంది. పాడు గాలి వచ్చి ఊరు ఖాళీ అయిపోయిందని మా మావగారు చెప్తారు. నిజమా? – ఛత్రపూర్ నుంచి ఒక టీచరమ్మ

జవాబు: ఖాళీ అయిన మాట నిజమే అమ్మా. మీరు చెప్పే కోట పొటగడ, నక్షత్రం ఆకారంలో ఈస్టిండియా కంపెనీవాళ్ళు 1768లో మొదలెట్టింది. ఒకప్పుడు ఋషికుల్య ఒడ్డున గంజాం అంటే మంచి రేవు, జిల్లా పాలన అంతా అక్కడి నుంచే. 1815లో ఘోరమైన జ్వరం తగిలింది, జనం పిట్టల్లా రాలిపోతుంటే దొరలు కచేరీలూ పటాలమూ ఎత్తేసి వెళ్ళిపోయారు, ఊరు మళ్ళీ లేవలేదు, తర్వాత తర్వాత రేవు వ్యాపారం గోపాల్‌పూర్‌కి పోయింది.

పాడు గాలి అన్నది మీ మావగారు ఒక్కరే కాదు, ఆ కాలంలో పెద్ద పెద్ద తెల్ల డాక్టర్లూ అదే అన్నారు, చిత్తడి నేలల్లోంచి లేచే చెడ్డ గాలి వల్లే జ్వరాలు అని. మలేరియా అన్న మాటకి ఇటాలియన్‌లో అర్థం చెడ్డ గాలి, అంతే! పేరు ఇంకా అదే, కారణం మాత్రం గాలి కాదని తేల్చింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలకి ఒళ్ళు అప్పగించి కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్, కుట్టిన దోమకి అణా చొప్పున ఇచ్చారట. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది, హుసేన్ ఖాన్‌కి వచ్చినవి ఆ అణాలే.

మనవైపు కొండల్లో, కోరాపుట్, మల్కనగిరి, రాయగడల్లో ఈ జ్వరం చేసిన నష్టం అంతా ఇంతా కాదు. ఒడిశాలో 2016లో 4 లక్షలు దాటిన కేసులు 2019కి 40 వేల దగ్గరకి దిగాయి. ఇంటింటికీ దోమతెరలు, జ్వరం లేకపోయినా ఊరు ఊరంతటికీ రక్తపరీక్ష, దమన్ అని పేరు పెట్టి చేశారు. గాలికి మంత్రం వేయిస్తూ కూర్చునుంటే దిగేవి కావు లెండి.

ప్రశ్న: అన్నా, మా బావ మేకలు పదకొండు చింతచెట్టు కింద ఒక్కసారే పోయాయి. వాన, ఉరుము, అంతే. పిడుగు చెట్టు మీద పడింది, మేకల మీద పడలేదు, ఒక్కదానికీ కాలిన మచ్చ లేదు. పిడుగుతోపాటు గాలి దెయ్యం దిగింది అంటన్నారు. – రాయగడ నుంచి

జవాబు: తమ్ముడూ, పిడుగు చెట్టు మీద పడి ఆగిపోదు, వేళ్ళగుండా నేలలో నలువైపులా పాకుద్ది. పాకేటప్పుడు చెట్టు దగ్గర వోల్టేజ్ ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. మేక ముందుకాళ్ళు ఒక చోట, వెనకకాళ్ళు ఇంకో చోట, ఆ రెండు చోట్లకీ మధ్య తేడా ఉంది కదా, కరెంటు ముందుకాళ్ళలో ఎక్కి గుండె మీదుగా వెనకకాళ్ళలో దిగిపోద్ది. మచ్చ ఎందుకుంటాది? ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ మనందరికంటే నయం.

నార్వేలో 2016 ఆగస్టులో హార్డాంగర్‌విడ్డా అనే పీఠభూమి మీద ఇలాగే 323 రెయిన్‌డీర్లు ఒక్క గాలివానకి పడిపోయాయి, వానకి భయపడి ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి, అదే కొంప ముంచింది. మన అస్సాంలో 2021 మేలో 18 ఏనుగులు పోయింది కూడా పిడుగుకే. నార్వేవాళ్ళు చేసింది వింటే ఆశ్చర్యపోతావు, జబ్బు పరీక్షకని తలలు మాత్రం కోసుకెళ్ళి మిగతావన్నీ అక్కడే వదిలేశారు, కుళ్ళిపోతే ఏమవుద్దో చూద్దామని. కాకులు, గద్దలు, నక్కలు దిగాయి. కొండల్లో కాసే ఒక నల్లటి చిన్న పండు తినొచ్చి అక్కడ రెట్టలు వేశాయి. కళేబరాల చుట్టూ గడ్డి చచ్చి నేల బోసిపోయి ఉంది కదా, ఆ నేలలో ఆ గింజలు మొలిచాయి.

మీ బావతో చెప్పు, ఉరుము వినబడగానే మందని చెట్టు కిందకి తోలొద్దు, చెదరగొట్టి పల్లానికి తోలమను. తను పక్కా ఇంట్లోకి పోవాలి, దారి లేకపోతే కాళ్ళు రెండూ దగ్గరకి పెట్టి గొంతుకూర్చోవాలి, పడుకోకూడదు. ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకుంటే ముందే చెప్తాది.

ప్రశ్న: సార్, రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణీ యాత్ర జరిగేటప్పుడు డప్పు వినగానే మా వీధిలో ఒకావిడ ఊగిపోతాది, ఆవిడని చూసి ఇంకో ఇద్దరు, గాలి సోకింది అంటారు. ఊరు ఊరంతా అలా ఊగిన చోటు చరిత్రలో ఉందంటారు, నిజమేనా? – బరంపురం నుంచి ఒక అమ్మాయి

జవాబు: ఉంది తల్లీ, స్ట్రాస్‌బర్గ్. ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉంది. 1518 జూలైలో ట్రోఫియా అనే ఆవిడ వీధిలోకొచ్చి డాన్స్ మొదలెట్టింది, సంగీతం లేదు, పండగ కాదు, రోజుల తరబడి ఆపలేదు. నెల తిరిగేసరికి కొన్ని వందల మంది, 400 దాకా అని చెప్తారు. కాళ్ళు నెత్తుర్లు కారుతున్నా ఆగలేకపోయారు. కుళ్ళిన ధాన్యం మీది బూజు తిన్నారేమో అని కొందరంటారు గానీ ఆ విషానికి వంకర్లు పోతారు, రోజుల తరబడి చిందులెయ్యలేరు. వరస కరువులు, రోగాలు, దానికి తోడు వీటస్ అనే సెయింట్‌కి కోపమొస్తే డాన్స్ శాపం పెడతాడని ఆ ఊళ్ళో గట్టి నమ్మకం, భయం అంత ముదిరితే ఒళ్ళు మన మాట వినదు అని చరిత్రకారుల్లో ఎక్కువమంది లెక్క, నాకూ అదే సబబుగా ఉంది. మీ వీధి ఆవిడది దానితో కలపను, పండగపూట వచ్చి పండగతో పోయే పూనకం వేరు, అది ఆపలేని పీడకల.

అక్కడి పెద్దలు ఏం చేశారో విను. రక్తం వేడెక్కింది, ఆడితే తగ్గుద్ది అన్నారు డాక్టర్లు. సరే అని ఊరి కౌన్సిలు స్టేజి కట్టించి, డప్పులవాళ్ళని పెట్టి మరీ ఆడించింది, చూసినవాళ్ళు ఇంకా వచ్చి చేరారు. అప్పటికి బుద్ధొచ్చి డప్పులు నిషేధించి, అందర్నీ బళ్ళకెక్కించి కొండ మీదున్న వీటస్ గుడికి తోలుకెళ్ళారు. అక్కడ వాళ్ళ కాళ్ళకి ఎర్ర చెప్పులు తొడిగారు.