కుట్లు తీసిన వారమే కైట్‌సర్ఫింగ్‌కి వెళ్ళొచ్చా?

వద్దండి. పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే బోర్డు మీద నిలబడి సముద్రంలో దూసుకుపోయే ఆట ఇది. పిక్క మీద కుట్లు పదో రోజున తీస్తారు, ఆ శనివారమే రామేశ్వరంలో క్లాసులు బుక్ అయిపోయాయి, వాటర్‌ప్రూఫ్ బ్యాండేజ్ వేసుకుని దిగితే సరిపోదా అని అడిగారు కదా, ఆ బ్యాండేజ్ సంగతికి తర్వాత వస్తాను. ముందు నాకు జరిగింది వినండి.

నాదీ రామేశ్వరమే. అంటే మాది కాకినాడ, ఉద్యోగం చెన్నైలో, రాత్రి రైలెక్కితే పొద్దుటికి అక్కడుంటాం కాబట్టి గాలి బాగున్న నెలల్లో వీలైనప్పుడల్లా పోతుంటాను. ఒకసారి నడుం లోతు నీళ్ళలో బోర్డు వెతుక్కుంటుంటే ఆల్చిప్ప పెంకు కుడిచేతి బొటనవేలి కింద కండలోకి దిగిపోయింది. కుట్లు పడ్డాయి, టైముకి తీసేశారు, పైకి చూస్తే సన్న గీత తప్ప ఏం లేదు, డాక్టరుగారు కూడా ఇంక తడపొచ్చు అన్నారు. తడపొచ్చు అంటే స్నానం చెయ్యొచ్చని, సముద్రంలో గాలిపటానికి వేలాడొచ్చని కాదు, కానీ మనం కైట్‌సర్ఫింగ్ చేస్తామని ఆయనకి చెప్తేగా తెలిసేది. మీరు మాత్రం మీ డాక్టరుకి ఈ ఆట పేరు పెట్టి అడగండి, ఫోన్లో వీడియో చూపించి మరీ అడగండి.

నెక్స్ట్ ట్రిప్‌లో ట్రైనర్‌కి చెయ్యి చూపించాను. తూత్తుకుడి కుర్రాడు, తక్కువ మాట్లాడతాడు. ఆ రోజు గాలి 18 నాట్స్ (గంటకి దాదాపు 33 కిలోమీటర్లు), నీళ్ళు నున్నగా ఉన్నాయి, ఒడ్డున అందరూ కైట్లకి గాలి కొట్టుకుంటున్నారు. అతను నన్ను పక్కకి తీసుకెళ్ళి, ఒక పాత బార్ (కైట్‌ని నడిపే కడ్డీ) చేతికిచ్చి, దాన్ని కైట్‌కి కలిపే తాళ్ళు, అంటే లైన్ల అవతలి చివర సగం ఇసక నింపిన గోతం కట్టి, "సార్, ఇది మీ దగ్గరికి వచ్చేదాకా లైన్లు బార్‌కి చుట్టండి, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. లైన్లు ఇరవై మీటర్ల పైనే ఉంటాయి. మొదట్లో తేలిగ్గానే వచ్చింది. సగం కూడా కాకముందే బొటనవేలు పట్టు వదిలేస్తోంది, గాయం ఉన్నచోట చర్మం తెల్లబడి చివర్న ఒక రక్తపు చుక్క కనిపించింది. అతను నా చేతిలోంచి బార్ తీసేసుకుని, "అక్కడ గోతం ఉండదు సార్, తొమ్మిది చదరపు మీటర్ల కైట్ ఉంటుంది" అన్నాడు. అంతే, ఆ ట్రిప్పంతా ఒడ్డునే ఉండి వేరేవాళ్ళ కైట్లు లాంచ్ చేసిపెట్టాను, అంటే గాల్లోకి లేపిపెట్టాను. ఇప్పటికీ ఎవరైనా కుట్లు అంటే నేను ముందు చెప్పేది ఆ గోతం పరీక్షే.

ఎందుకంటే ఈ ఆటలో సేఫ్టీ అనేది సవ్యంగా నడిచినంతసేపు అక్కర్లేదు. గాలి ఉన్నట్టుండి పడిపోయిందనుకోండి, కైట్ నీళ్ళ మీద పడి మళ్ళీ లేవదు. అప్పుడు కైట్ లాగుడుని ఒక్కసారిగా వదిలించే క్విక్ రిలీజ్ నొక్కాలి, కైట్ కొట్టుకుపోకుండా పట్టి ఉంచే సేఫ్టీ లైన్ పట్టుకుని ముందు ఆ ఒక్క లైనూ, తర్వాత మిగతావన్నీ బార్‌కి చుట్టి ముడేసుకుంటూ కైట్ దాకా చేరాలి, దాన్ని పట్టుకుని తేలుతూ ఒడ్డుకి రావాలి. ఇదంతా తడిచేతుల్తో, కాళ్ళాడిస్తూ, లైను వేళ్ళని కోస్తుంటే చెయ్యాలి. దీన్నే సెల్ఫ్ రెస్క్యూ అంటారు. ఇది పూర్తిగా చెయ్యలేని మనిషి గాయం మానినా మానకపోయినా నీళ్ళలోకి దిగకూడదు, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

మీది కాలు కదా, చేతుల్తో పనేముంది అనుకోకండి. కాలే ఎక్కువ ఇబ్బంది. బోర్డు అంచు నీళ్ళలో కొరకాలంటే మడమల మీద బరువేసి వెనక్కి వాలాలి, పిక్క మీద చర్మం బాగా లాగుతుంది. లాంచ్‌లో కైట్ బలంగా లాగితే దాని వైపే పరిగెత్తాలి, అప్పుడే లైన్ల బిగువు తగ్గుతుంది, కాలు నొప్పిగా ఉన్నవాడు ఆ టైములో బిగుసుకుని నిలబడిపోతాడు, అదే ప్రమాదం. పైగా మీరు కొత్తగా నేర్చుకునేవారు. మొదటి క్లాసుల్లో బోర్డే ఇవ్వరు, బాడీ డ్రాగ్ అని బోర్లా నీళ్ళలో ఈడ్చుకుపోవడమే, తర్వాత పెంకుల మీద నడుచుకుంటూ వెనక్కి రావడమే.

కుట్లు తీశారంటే మానిపోయింది అనుకుంటారు అందరూ, నాకు ఒళ్ళు మండే విషయం ఇది. దారం తీసేసిన రోజే ఆ గాయానికి ఏ ఆసరా ఉండదు. మూడు వారాలకి మామూలు చర్మం బలంలో 20 శాతం వస్తుంది, ఆరు వారాలకి దాదాపు సగం, ఎన్నాళ్ళు ఆగినా 80 శాతం దగ్గర ఆగిపోతుంది. అందుకే కాలికి దెబ్బ తగిలిన రోజునుంచి ఆరు వారాలు అంటాను నేను, స్కూలువాళ్ళు ఏం చెప్పినా సరే.

మా ఇంట్లో అయితే కుట్లు పడ్డాయనగానే పప్పు మానేయ్, వంకాయ మానేయ్, చీము పడుతుంది అన్నారు. పప్పు తింటే చీము పట్టదండీ, గాయం మానడానికి ఆ ప్రోటీనే కావాలి. అదే మనుషులు సముద్రం మాటెత్తితే మాత్రం, ఉప్పునీళ్ళు మంచిదేరా, పుండు త్వరగా ఆరుతుంది అన్నారు! వెచ్చటి ఉప్పునీళ్ళలో, అందులోనూ ఏరు సముద్రంలో కలిసే చోట, విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది, పచ్చిగాయంలోంచి లోపలికి పోతుంది. అరుదే, కానీ అది సోకినవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరు చనిపోతారని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తోంది, కొందరైతే ఒకట్రెండు రోజుల్లోనే. మానని గాయం ఉంటే ఉప్పునీళ్ళకి దూరంగా ఉండమని కూడా వాళ్ళే చెప్తారు. షుగర్ ఉన్నవాళ్ళు, లివర్ బాగోలేనివాళ్ళు మరీ జాగ్రత్త. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో కూడా చూసుకోండి.

ఇక ఆ బ్యాండేజ్. షవర్ కింద పని చేస్తుందది. గంటసేపు కెరటం కొడుతుంటే అంచు లేస్తుంది, ఇసక, నీళ్ళు లోపలికి పోయి అక్కడే నిలిచిపోతాయి, అసలు వేసుకోకపోవడం కంటే ఘోరం.

అడ్వాన్సు పోతుందని వెళ్తున్నట్టయితే మాత్రం వాళ్ళకి ఇవాళే ఫోన్ చేసి గాయం ఫోటో పంపి తారీఖు మార్చమనండి. గాయాలే మామూలైన ఆటలో మెడికల్ కారణానికి కూడా డబ్బు వెనక్కి ఇవ్వం అనే స్కూళ్ళున్నాయి, అలాంటిచోట నేర్చుకోవద్దని నా సలహా. అక్కడ నైరుతి గాలి సెప్టెంబర్ దాకా ఉంటుంది, అది తప్పితే డిసెంబర్ నుంచి మార్చి దాకా ఈశాన్యం గాలి ఉంది.

ఒకవేళ ఎలాగోలా గాయం సముద్రపు నీళ్ళలో తడిస్తే, వెంటనే మంచినీళ్ళు, సబ్బుతో బాగా కడగండి. చుట్టూ ఎరుపు పాకుతున్నా, నొప్పి గాయానికి మించి ఉన్నా, జ్వరం వచ్చినా, నల్లటి బొబ్బలు లేచినా తెల్లారేదాకా ఆగొద్దు, క్యాజువాలిటీకి వెళ్ళి మొదటిమాటే "సముద్రపు నీళ్ళు తగిలాయి" అని చెప్పండి, దాన్నిబట్టి వాళ్ళిచ్చే యాంటీబయాటిక్ మారుతుంది.