హబ్ కొనేముందు మూత తీసి చూడండి

ప్రశ్న: గుంటూరులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. ఈమధ్య సిస్టమ్‌కి లిక్విడ్ కూలర్ బిగించుకున్నాను. దాని యూఎస్‌బీ వైరు పెట్టడానికి మదర్‌బోర్డు మీద చోటు లేదు. ఉన్న రెండు సాకెట్లలో ఒకటి క్యాబినెట్ ముందున్న పోర్టులకి, ఇంకోటి వైఫై కార్డు బ్లూటూత్‌కి పోయాయి. షాపతను ఇంటర్నల్ యూఎస్‌బీ హబ్ (క్యాబినెట్ లోపలే ఉండి ఒక సాకెట్‌ని కొన్ని సాకెట్లుగా చేసేది) తీసుకోమన్నాడు. ఆన్‌లైన్‌లో చూస్తే ‘అన్ని బోర్డులకూ సరిపోతుంది’ అని రాసి ఉంది. అంతకంటే బాగా తక్కువలో స్ప్లిటర్ వైరు కూడా కనిపించింది. ఏది కొనమంటారు?

జవాబు: ఇవాళ్టికి ఏదీ కొనకండి. సిస్టమ్ ఆపి, ప్లగ్గు తీసేసి, క్యాబినెట్ పక్క మూత ఊడదీసి ఫోన్ టార్చి వేయండి. మదర్‌బోర్డు కింది అంచున చిన్న చిన్న పిన్నుల గుంపులు కనిపిస్తాయి. రెండు వరుసల్లో ఐదేసి చొప్పున పదికి చోటుండి, ఒక మూల పిన్ను లేకుండా 9 ఉన్నవే మీ యూఎస్‌బీ 2.0 సాకెట్లు. పక్కనే బోర్డు మీద యూఎస్‌బీ అన్న అక్షరాలు సన్నగా అచ్చు వేసి ఉంటాయి. అదే అంచున ఆడియో సాకెట్ కూడా ఉంటుంది, దానికీ తొమ్మిదే పిన్నులు. కానీ లేని పిన్ను మూలన ఉండదు, చివరినుంచి రెండోదిగా ఉంటుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి ఒకసారి చూసుకోండి, ఇక జన్మలో మర్చిపోరు.

దీని గురించి ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. పని నేర్చుకునే రోజుల్లో నేనే ఒక బోర్డు మీద ఫైర్‌వైర్ (పాత వీడియో కెమెరాలు కలిపే) సాకెట్‌ని యూఎస్‌బీ అనుకుని క్యాబినెట్ వైరు పెట్టాను. పిన్నులు అచ్చం అలాగే ఉంటాయి. కానీ అందులో వచ్చేది 12 వోల్టులు, యూఎస్‌బీకి కావలసింది 5. కస్టమర్ తన పెన్‌డ్రైవ్ పెట్టగానే అది కాలిపోయింది. అందులో వాళ్లమ్మాయి పెళ్లి ఫొటోలున్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నుంచి బోర్డు మీద అక్షరాలు చదవకుండా ఏ వైరూ పెట్టలేదు. ఇప్పటి బోర్డుల్లో ఫైర్‌వైర్ కనిపించదు గానీ, పాత సిస్టమ్‌లు ఇంకా వాడుతున్నవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక మీ ప్రశ్నలోకి వస్తే, మీరు రాసిన ఒక ముక్క నాకు ఆశ కలిగించింది. ముందు పోర్టులు 9 పిన్నుల సాకెట్‌కి పోయాయన్నారు. అంటే మీ క్యాబినెట్ పాతదై ఉండొచ్చు, ముందున్నవి యూఎస్‌బీ 2.0 పోర్టులే అయ్యుండొచ్చు. అలాంటప్పుడు బోర్డు మీద యూఎస్‌బీ 3.0 కోసం ఇచ్చే 19 పిన్నుల పెద్ద సాకెట్ ఖాళీగా పడి ఉంటుంది. చుట్టూ ప్లాస్టిక్ గోడ ఉంటుంది, వెతకడం కష్టం కాదు. అది ఖాళీగా ఉంటే 19 నుంచి 9కి మార్చే చిన్న కన్వర్టర్ చాలు, హబ్ అక్కర్లేదు. వేగం 2.0దే వస్తుంది, కూలర్‌కి అంతకంటే అవసరం లేదు. ఒక్కటి చూసుకోండి: కన్వర్టర్ నిటారుగా నిలబడే రకమైతే పొడుగాటి గ్రాఫిక్స్ కార్డు దానికి తగులుతుంది. వైరు ఉన్న రకం తీసుకోండి.

స్ప్లిటర్ మాటేమిటంటే, అది ఏ రకమన్నదాన్ని బట్టి ఉంటుంది. 9 పిన్నుల సాకెట్ ఒక్కటే అయినా అందులో ఉన్నవి రెండు పోర్టులు. ఒక్కో వరుస ఒక్కో పోర్టు: 5 వోల్టులు, రెండు డేటా తీగలు, గ్రౌండ్. బ్లూటూత్ వైరు సాధారణంగా ఒక్క వరుసనే వాడుకుంటుంది. రెండో వరుస ఖాళీ. ఆ వరుసను విడిగా బయటికి తెచ్చి కూలర్‌కి ఇచ్చే వైరైతే చక్కగా పనిచేస్తుంది. అలాకాకుండా అవే తీగలను చీల్చి రెండు చోట్లకి కలిపేసిన వైరైతే డబ్బు దండగే. ఒకే జత డేటా తీగల మీద రెండు పరికరాలు మాట్లాడలేవు, మధ్యలో హబ్ చిప్ ఉండి తీరాలి. ఏ వరుస ఎటు పోతుందో బొమ్మ వేసి చూపించని స్ప్లిటర్ తీసుకోకండి.

ఈ రెండు దారులూ మూసుకుపోతేనే హబ్. అప్పుడు మొదట చూడాల్సింది కరెంటు. యూఎస్‌బీ 2.0లో ఒక పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు. విడిగా పవర్ లేని హబ్ దాన్నే అందరికీ పంచాలి, లెక్క ప్రకారం ఒక్కోదానికి 100 మాత్రమే. అందుకని హార్డ్‌డిస్కులకి కరెంటిచ్చే సాటా పవర్ వైరు పెట్టుకునే హబ్ తీసుకోండి. ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై పెట్టె) నుంచి ఒక సాటా ప్లగ్గు ఖాళీగా ఉందో లేదో ముందే చూసుకోండి. కొన్ని హబ్‌లు పాత నాలుగు పిన్నుల మోలెక్స్ అడుగుతాయి. లేదు కదా అని ఇంకో ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన వైరు తెచ్చి మీ ఎస్‌ఎంపీఎస్‌కి పెట్టే పని మాత్రం చేయొద్దు. ప్లగ్గు సరిగ్గా దిగినంత మాత్రాన లోపల పిన్నుల వరుస ఒకటే కానక్కర్లేదు. హార్డ్‌డిస్కులు మాడిపోతాయి, మీ దగ్గరైతే కస్టమర్ల పెళ్లిళ్లే ఉంటాయి అందులో.

హబ్ వచ్చాక దానిమీదికి కూలర్, బ్లూటూత్ మార్చండి. అవి పంపే డేటా చాలా తక్కువ. ముందు పోర్టులు బోర్డు మీదే ఉంచండి, ఎందుకంటే మీరు కార్డులు, డిస్కులు పెట్టేది అక్కడే. హబ్ మీదున్నవన్నీ కలిసి పంచుకునేది 480 మెగాబిట్లే. ప్లగ్గు పెట్టేటప్పుడు మూసి ఉన్న రంధ్రం లేని పిన్నుకి ఎదురుగా రావాలి. ఒక పిన్ను పక్కకి జరిగినా 5 వోల్టులు డేటా తీగలోకి పోతాయి.

ప్రశ్న: సిద్దిపేట నుంచి రాస్తున్నాను. కొత్త క్యాబినెట్‌కి ముందు టైప్-సి పోర్టు ఉంది. నా బోర్డు మీద దాని సాకెట్ లేదు. పోర్టు వృథాయేనా?

జవాబు: కాదండి. 19 పిన్నుల సాకెట్ ఖాళీగా ఉంటే దాన్నుంచి టైప్-సి ప్లగ్గుకి మార్చే అడాప్టర్లు దొరుకుతాయి. వేగం 5 గిగాబిట్ల వరకే వస్తుంది. ఆ 19 పిన్నుల ప్లగ్గు చాలా బిగుతు. తీయాల్సి వస్తే అటూ ఇటూ వంచకుండా నిటారుగా లాగండి. పిన్ను వంగితే, ములుకు తీసేసిన క్లిక్ పెన్సిల్ మొనలాంటి సన్నని గొట్టం దాని మీద తొడిగి మెల్లగా నిలబెట్టండి.