సముద్ర జంతువుల పార్కులు నడిపే అమెరికా సంస్థ సీవరల్డ్‌లో పుట్టిన ఓర్కాలను (కిల్లర్ వేల్స్‌ను) సముద్రంలో వదిలేయొచ్చు కదా?

అనుకున్నంత తేలిక కాదు. కేకో అనే ఓర్కా సంగతే చూడండి. చిన్నప్పుడు ఐస్‌లాండ్ దగ్గర పట్టుకున్నారు. తర్వాత, సొంతంగా బతకడానికి ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి 2002లో సముద్రంలోకి వదిలితే, నార్వే తీరం చేరి మళ్లీ మనుషుల చుట్టూనే తిరిగింది. 2003 డిసెంబరులో చనిపోయింది. సముద్రంలో పుట్టినదాని గతే అదైతే, కొలనులో పుట్టి, చేతికందించిన చచ్చిన చేపలు తిని పెరిగినదానికి వేట ఎవరు నేర్పుతారు? ఓర్కా పిల్లలు అదంతా తల్లి గుంపు దగ్గరే నేర్చుకుంటాయి.

అందుకే సీవరల్డ్ 2016 మార్చిలో ఓర్కాల సంతానోత్పత్తి ఆపేస్తామని ప్రకటించినా (బాగా ఆలస్యమే, నన్నడిగితే), ఉన్నవాటిని మాత్రం వదలలేదు. అప్పటికే కడుపుతో ఉన్న టకారా అనే ఓర్కాకు 2017 ఏప్రిల్‌లో పుట్టిన పిల్ల మూడు నెలలకే పోయింది.