కల్లు ఒక్కసారిగా ఆపించకండి.. ఫిట్స్ రావచ్చు!

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లాలో ఓ పల్లె. మహిళా సంఘాలన్నీ కలిసి ఊళ్లో కల్లు దుకాణం బంద్ చేయించాం. తాగేవాళ్లంతా ఆ రోజు నుంచే మానెయ్యాలని తీర్మానం చేశాం. మా ఆయనకు 44 ఏళ్లు. పదేళ్లుగా రోజూ ఐదారు సీసాలు తాగేవారు. మానేసి రెండు రోజులైంది. చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు. రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయంటూ దులిపారు. మెడికల్ షాపులో నిద్రమాత్రలు తెచ్చి ఇస్తున్నాం. తాగుడు మానినవాళ్లు కలుసుకునే సంఘాలు పట్నంలో ఉంటాయట. మా ఊళ్లో అలాంటిది ఎలా పెట్టుకోవాలి? నాకూ నెల రోజులుగా నిద్ర లేదు.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, సంఘం సంగతి తర్వాత. మీ ఆయన్ని ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఈ జవాబు మీ కంటపడేలోపే వెళ్లి ఉంటే మంచిదే. లేకపోతే ఇక ఆలస్యం చేయకండి.

లేని పురుగులు కనిపిస్తున్నాయంటే అది మొండితనమూ కాదు, గాలి సోకడమూ కాదు. మత్తుకు అలవాటుపడ్డ మెదడు అది ఒక్కసారిగా అందక అదుపు తప్పుతోంది. మామూలు మద్యం ఆపినవాళ్లకు 6 నుంచి 24 గంటల్లో వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మూడో రోజుకి కొందరు మనిషిని గుర్తుపట్టలేని స్థితికి చేరతారు, వైద్యం అందకపోతే ప్రాణం కూడా పోవచ్చు. మీ ప్రాంతంలో ఇంకో చిక్కుంది. చెట్టు కల్లు చాలక తీపికి సాక్రిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం కలిపిన కల్తీ కల్లు అమ్మిన చరిత్ర ఉంది. 2015లో దాడులు చేసి ఆ కల్లు ఆపినప్పుడు మీ జిల్లాతో సహా పలుచోట్ల జనం ఫిట్స్‌తో, పిచ్చి చేష్టలతో ఆస్పత్రుల పాలయ్యారు. మీ ఆయన తాగిన సీసాలో ఏముందో నేను చూడకుండా చెప్పలేను. అది కూడా మత్తుమందు కలిపినదే అయితే ఆయన రెండు వ్యసనాలను ఒకేసారి ఆపినట్టు లెక్క.

ఆ నిద్రమాత్రల సంగతి. కల్లులో కలిపే మందూ మెడికల్ షాపులో ఇచ్చేదీ ఒకే జాతివి కావచ్చు. మోతాదు తెలియకుండా ఇస్తే, తక్కువైతే ఫిట్స్ ఆగవు. ఎక్కువైతే, మధ్యలో ఎవరైనా ఓ సీసా తెచ్చి పోస్తే, ఊపిరి మందగించి నిద్రలోనే పోవచ్చు. ఈ మందుల్నే డాక్టర్లమైన మేమూ వాడతాం. కాకపోతే మనిషిని గమనిస్తూ, కాలేయం చూసి, రోజులో వారాలో పట్టేలా మెల్లగా తగ్గిస్తాం. చీటీ లేకుండా వీటిని అమ్మడం ఆ షాపువాళ్ల తప్పు. అడిగి తెచ్చుకోవడం మీ తప్పు. కోపగించుకోకండి, ఇలాంటి కేసులు చూసీ చూసీ చెబుతున్నాను.

ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే నీరసం తగ్గుతుందనీ అనుకోవద్దు. ఏళ్లుగా తాగేవాళ్ల ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదముంది. కొందరు ‘మందు మాన్పించే మాత్ర’ను తెలియకుండా కూరలో కలిపేస్తుంటారు. ఆ పని అసలు చేయకండి. అది ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. రోగికి తెలిసి, ఒప్పుకున్నాకే వాడాల్సిన మందది.

ఆస్పత్రిలో మొదటి మాటగా ‘రోజూ ఇన్ని సీసాల కల్లు తాగేవారు, చివరిసారి ఫలానా గంటకు తాగారు’ అని చెప్పండి. సిగ్గుపడి దాస్తే మూర్ఛవ్యాధి అనో మానసిక జబ్బు అనో వైద్యం దారి తప్పుతుంది. దారిలో ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళంచెవులు పెట్టొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు. ఒక్క ఫిట్ వచ్చినా 108కి ఫోన్ చేయండి.

ఇక ఊరి సంగతి. దుకాణం మూయించడం గొప్ప పని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా పోరాటం మీకు తెలిసే ఉంటుంది. అయితే తీర్మానం చేసిన రోజే అందరిచేతా మాన్పించాలనుకోవడం వద్దు. ముందుగా ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలతో కలిసి ఎవరు ఎంత తాగుతున్నారో, గతంలో ఎవరికి ఫిట్స్ వచ్చాయో రాసుకోండి. పొద్దున లేవగానే తాగనిదే చేతులు నిలవనివాళ్లను ముందు డాక్టరుకు చూపించాకే మాన్పించండి.

మీరు విన్నది ఆల్కహాలిక్స్ అనానిమస్ అయి ఉంటుంది. 1935లో అమెరికాలో మొదలైంది. ఫీజు లేదు, తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. కుటుంబాల కోసం అల్-అనాన్ ఉంది. ఇంట్లోవాళ్లు ఇంకా తాగుతున్నా మీరు వెళ్లవచ్చు. హైదరాబాద్‌లో తెలుగులోనే సమావేశాలు జరుగుతాయి. మీ ఊళ్లో పెట్టుకుంటే వారానికోసారి, ఒకే చోట, ఒకే వేళ, గంట సేపు కూర్చోండి. పది పన్నెండు మంది మించొద్దు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వినాలి, సలహాలు ఇవ్వకూడదు. ఇలాంటివి చాలాచోట్ల పొదుపు సంఘం మీటింగ్‌తో కలిపేయడం వల్లే చెడిపోతాయి. లోను బాకీల మాట ఎత్తగానే తాగేవాడి భార్య రావడం మానేస్తుంది. హాజరు పుస్తకం, వాట్సాప్‌లో ఫొటోలు, మళ్లీ తాగినవాడికి జరిమానా, ఇవేవీ పెట్టకండి. జరిమానా వేస్తే వాడు దాచుకుని తాగుతాడు. నెలలు మానినవాళ్లు తిరిగి పాత మోతాదే తాగితే ఒళ్లు తట్టుకోదు. అందుకే మళ్లీ తాగిన సంగతి సంఘానికి వెంటనే తెలియడం ముఖ్యం.

ఇంట్లో మీ మీద చెయ్యి చేసుకుంటే 181కి ఫోన్ చేయండి. వ్యసనం గురించి 14446లో ఉచితంగా సలహా దొరుకుతుంది. మీ నిద్ర మాట చివర్లో ఒక్క ముక్కలో రాశారు. ఆయన కోసం తెచ్చిన మాత్రలు మీరు మింగకండి. టెలీ మానస్ 14416లో తెలుగులో మాట్లాడతారు, మీ కోసం మీరు చేయండి. రెండు వారాల్లో నిద్ర కుదుటపడకపోతే, చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఇంకా ముందే, డాక్టరును కలవండి.