బన్నీ పోయిన దిగులు సరే, ముందు అమ్మగారి చేతులు చూపించండి

ప్రశ్న: ఏడేళ్లుగా పెంచుకున్న మా కుక్క బన్నీ ఎనిమిది రోజుల కిందట చనిపోయింది. చివరి నాలుగు రోజులు ఏమీ తినలేదు. నోరు తెరుచుకునే ఉండి చొంగ కారేది, వెనక కాళ్లు పడిపోయాయి. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని అమ్మ నోట్లో వేళ్లు పెట్టి చూసింది, మజ్జిగ పట్టింది. చిన్నప్పుడు దానికి టీకాలన్నీ వేయించాం. అమ్మకు 62 ఏళ్లు, షుగరు ఉంది. అప్పటి నుంచి సరిగా తినడం లేదు, నిద్ర లేదు. రాత్రిపూట వరండాలో బన్నీ గోళ్ల చప్పుడు వినిపిస్తోందంటోంది. మెడికల్ షాపులో ఆల్ప్రాజోలామ్ 0.5 నిద్రమాత్రలు ఇస్తే రోజూ ఒకటి వేస్తున్నాం. ఎన్నాళ్లు వాడొచ్చు? కొత్త కుక్కపిల్లను తెస్తే మామూలు మనిషి అవుతుందా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: నిద్రమాత్ర సంగతి తర్వాత చూద్దాం. మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన విషయమే, అమ్మగారు బన్నీ నోట్లో వేళ్లు పెట్టిన సంగతే, నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. ఇది పోర్టల్‌లో వచ్చేదాకా ఆగకుండా మీకు ముందే మెయిలు చేయమని డెస్కు వారికి చెప్పాను. ఈరోజే అమ్మగారిని దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. జరిగింది జరిగినట్టు చెప్పి, రేబిస్ టీకా గురించి అడగండి.

బన్నీకి రేబిస్ అని నేను అనడం లేదు. చూడని కుక్కకు రోగం పేరు పెట్టడం నా పని కాదు. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు కావచ్చు, విషం తిని ఉండొచ్చు, ఇంకేదైనా కావచ్చు. కానీ రేబిస్ అనగానే అందరూ మీద పడి కరిచే పిచ్చికుక్కనే ఊహించుకుంటారు. దీనిలో ఇంకో రకం ఉంది. కుక్క కరవదు, అరవదు, ఓ మూల పడి ఉంటుంది. దవడ జారిపోతుంది, మింగలేదు, చొంగ కారుతుంది, కాళ్లు పడిపోతాయి, కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. చూసేవాళ్లకు గొంతులో ఎముక అడ్డం పడినట్టే ఉంటుంది. పాపం, ప్రేమ కొద్దీ నోట్లో వేళ్లు పెడతారు. మీరు రాసిన లక్షణాలు దీనికి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి.

‘చిన్నప్పుడు టీకాలన్నీ వేయించాం’ అన్నారు. అంటే ఏడేళ్ల కిందటి మాట! మన దగ్గర కుక్కలకు రేబిస్ టీకా ఏడాదికోసారి వేయించమంటారు. కార్డు బయటికి తీసి చివరి తేదీ చూడండి. మధ్యలో వేయించి ఉంటే మంచిదే, ఆసుపత్రిలో అదీ చెప్పండి. అయితే ఆ కార్డు చూసుకుని ఇంట్లో కూర్చోవద్దు.

కుక్క చొంగ గాటు లేని చర్మానికి తగిలితే టీకా అవసరం లేదు. కానీ వేలి మీద కత్తిపీట గాటో, గోరు పక్కన చీలికో, కుక్క పన్ను గీరిన చారో ఉండి అక్కడ తగిలితే లెక్క మారుతుంది. అదే చేత్తో కళ్లో నోరో తుడుచుకున్నా అంతే. అలాంటప్పుడు దాన్ని మూడో కేటగిరీ, అంటే అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదమున్న రకం అంటారు. టీకాతో పాటు గాయం ఉన్నచోట ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షను) కూడా ఇవ్వాలి. ఎనిమిది రోజుల కిందట వేలు ఎలా ఉందో ఎవరికి గుర్తుంటుంది? అందుకే ‘ఏమీ లేదులే’ అన్న నిర్ణయం మీరు తీసుకోవద్దు. చూసిన డాక్టరును తీసుకోనివ్వండి. నేను ఇక్కడి నుంచి చెప్పగలిగింది ఇంతే. అనుమానం మిగిలితే మాత్రం వేయించుకునే వైపే మొగ్గమంటాను.

ఆలస్యమైంది కదా, ఇప్పుడు లాభమేమిటని కూడా అనుకోవద్దు. ఈ వ్యాధి బయటపడటానికి సాధారణంగా నెల నుంచి మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి వారంలోనే రావచ్చు, ఏడాది దాటీ రావచ్చు. లక్షణాలు మొదలయ్యాక మాత్రం దాదాపు ఎవరూ బతకరు. కాబట్టి ఎప్పుడు గుర్తొస్తే అప్పుడే మొదటి రోజు. కండకు వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. 0 అంటే మొదటి డోసు వేసిన రోజు. షుగరు అడ్డం కాదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లని అమ్మగారు భయపడితే, ఆ పాత మందు తయారీ మన దేశంలో 2004తోనే ఆగిపోయిందని చెప్పండి. రెండు డోసులయ్యాక ‘బాగానే ఉన్నాను కదా’ అని మానేసేవాళ్లను రోజూ చూస్తుంటాను. కోర్సు పూర్తి చేయాల్సిందే. పసరు మందులు, మంత్రాలు, గాటు మీద సున్నం, కారం వద్దు.

మీరు రాయని సంగతి ఇంకోటి ఉంది. బన్నీని ఎత్తుకున్నదెవరు, నోరు తుడిచిందెవరు, పాతిపెట్టిందెవరు? ఇంట్లో పిల్లలున్నారా? చివరి పది పదిహేను రోజుల్లో దాని చొంగ తగిలినవాళ్లంతా అమ్మగారితో పాటే వెళ్లి చూపించుకోండి. కుక్కను తవ్వి పరీక్షకు పంపాలా అని ఆలోచిస్తూ రోజులు గడపొద్దు.

ఇక షుగరు. ఏ మాత్ర వేసుకుంటున్నారో రాయలేదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివో ఇన్సులినో అయితే, తిండి మానేసి మందు మాత్రం వేసుకోవడం ప్రమాదం. షుగరు పడిపోతుంది. మామూలుగా చెమటలు, వణుకు, తికమక కనిపిస్తాయి. కానీ రాత్రి ఆల్ప్రాజోలామ్ వేసి పడుకోబెట్టారనుకోండి, షుగరు పడిపోయి స్పృహ తప్పినా ‘హమ్మయ్య, ఇవాళ నిద్రపట్టింది’ అని మీరు దుప్పటి కప్పి వెళ్లిపోతారు. పడుకునే ముందు గ్లూకోమీటరుతో చూడండి. 70 కన్నా తగ్గితే, మెలకువగా ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి పావుగంటకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. మాత్ర తగ్గించాలా ఆపాలా అన్నది ఆమెను చూసే డాక్టరును ఇవాళే అడగండి.

ఆల్ప్రాజోలామ్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. షాపువాళ్లు ఇచ్చారు, మీరు తీసుకున్నారు. ఇద్దరిదీ తప్పే. ఈ వయసులో రాత్రి బాత్రూముకు లేచి తూలి పడి తుంటి విరగ్గొట్టుకోవడం, వారాలు గడిచేకొద్దీ అది లేకపోతే నిద్రపట్టకపోవడం దీనితో వచ్చే తిప్పలు. ‘ఎన్నాళ్లు వాడొచ్చు’ అన్నదానికి నా జవాబు, డాక్టరు చూసి రాస్తే తప్ప వాడొద్దనే. ఇన్ని రోజులుగా వేస్తున్నారు కాబట్టి ఎలా ఆపాలో కూడా ఆయన్నే అడగండి.

గోళ్ల చప్పుడు వినిపించడం పిచ్చి కాదు. ఏడేళ్లు విన్న చెవి అది, కొన్నాళ్లు అలాగే ఉంటుంది. మనిషి పోతే పదకొండో రోజుదాకా ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. కుక్క పోతే పలకరించేవాళ్లు ఉండరు సరికదా, ‘కుక్క కోసం ఇంత ఏడుపా’ అంటారు. ఇంట్లో ఎవరూ ఆ మాట అనకండి. ఆవిడ బన్నీ కబుర్లు చెబుతుంటే వినండి. రెండు వారాలు దాటినా తిండి, నిద్ర ఇలాగే ఉన్నా, ‘నేనెందుకు బతకడం’ లాంటి మాట ఒక్కసారి వచ్చినా సైకియాట్రిస్టుకు చూపించండి. ఆ మాట వచ్చిన రోజున ఒంటరిగా వదలొద్దు. మానసిక ఇబ్బందుల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే దిగులని కొట్టిపారేయకుండా వెంటనే ఈసీజీ తీయించండి. షుగరున్నవాళ్లలో గుండెపోటు పెద్దగా నొప్పి లేకుండానే రావచ్చు. అంతేకాదు, గట్టి దిగులుతోనే గుండె కండరం బలహీనపడే జబ్బు ఒకటుంది. అది ఈ వయసు ఆడవాళ్లలోనే ఎక్కువ.

కొత్త కుక్కపిల్ల ఇప్పుడొద్దు. ఆవిడే అడిగినప్పుడు చూడండి. ఈలోగా బన్నీ గిన్నెలు, పక్కబట్టలు చేతికి తొడుగు వేసుకుని సబ్బుతో కడిగి ఎండలో ఆరేయండి. ఈసారి రాసేటప్పుడు షుగరు మాత్ర పేరు, మోతాదు, టీకా మొదటి డోసు వేయించిన తేదీ రాయండి.