బేస్‌మెంట్ గదికి 32 వేల డాలర్ల అప్పా? ముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: మేం ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటాం. నేను హెచ్‌1బీ వర్క్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నా భార్య హెచ్‌4 ఈఏడీతో (నా వీసా ఆధారంగా తనకు వచ్చిన పని అనుమతి) పార్ట్‌టైమ్ చేస్తుంది. ఇద్దరు పిల్లలు. ఇద్దరికీ కలిపి నెలకు చేతికి వచ్చేది 9,200 డాలర్లు. ఇంటి వాయిదా పన్నులతో కలిపి 3,100, రెండు కార్లకు 1,050, డేకేర్ 1,300, మిగతా ఇంటి ఖర్చులు 1,900, ఇండియాకు 600. సేవింగ్స్‌లో 9,000 ఉన్నాయి. క్రెడిట్ కార్డుల బాకీ 4,500. 401కెలో (కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) 78,000. మార్చిలో పన్ను పోను 8,000 దాకా బోనస్ వస్తుంది. వచ్చే వేసవిలో అమ్మానాన్న గుంటూరు నుంచి ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు. పాత ఓనర్ బేస్‌మెంట్‌లో కట్టించిన గదిని వాళ్ల కోసం మంచి బెడ్‌రూమ్‌గా చేయిద్దామనుకుంటున్నాం. చెక్క ప్యానెళ్లు, సీలింగ్ లైట్లు, ఎలక్ట్రిక్ ఫైర్‌ప్లేస్, కొత్త కార్పెట్, వార్డ్‌రోబ్ కలిపి కాంట్రాక్టర్ 25,000 అన్నాడు. ఫర్నిచర్ ఇంకో 7,000. హీలాక్ (ఇంటిని తాకట్టు పెట్టుకుని బ్యాంకు ఇచ్చే క్రెడిట్ లైన్) తీసుకోవాలా, 401కె లోన్ తీసుకోవాలా? హీలాక్ 50,000 దాకా ఇస్తామంటున్నారు, మిగిలిన లిమిట్ ఎమర్జెన్సీకి కూడా పనికొస్తుంది కదా? ఫర్నిచర్ షాపులో 18 నెలలు వడ్డీ లేదంటున్నారు. ఇక్కడి ఫ్రెండ్స్ వేస్తున్న చిట్టీ ఒకటి ఉంది, అందులో చేరి పాడుకోమంటారా?

జవాబు: అమ్మానాన్నలకు మంచి గది ఇవ్వాలన్న మీ తపన నాకు అర్థమైంది. ఆ గది ఎలా కుదురుతుందో కింద చెబుతాను. ముందు మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టిన వాక్యం గురించి మాట్లాడాలి. ‘మిగిలిన లిమిట్ ఎమర్జెన్సీకి కూడా పనికొస్తుంది కదా’ అని రాశారు. ఇలాంటి మాట నాకు పదేపదే వినిపిస్తుంది. క్రెడిట్ లిమిట్‌ను, హీలాక్‌ను, 401కెను చూపించి ఎమర్జెన్సీ ఫండ్ ఉందనుకునే కుటుంబాలు మనవాళ్లలో చాలా ఉన్నాయి. అప్పు తీసుకునే అవకాశం ఉండటం వేరు, డబ్బు ఉండటం వేరు. ఈ ఒక్క తేడా అందరికీ చేరాలనే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

మీరు రాసిన ఖర్చులన్నీ కలిపితే నెలకు 7,950. చేతిలో ఉన్నది 9,000. అంటే నెలా నాలుగు రోజులు. అందులోంచి కార్డుల బాకీ 4,500 తీసేస్తే మూడు వారాలు కూడా రాదు. ఇప్పుడు మీ వీసా సంగతి చూడండి. హెచ్‌1బీ ఉద్యోగం పోతే మీకుండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఈలోగా ఇంకో కంపెనీ మీ తరఫున పిటిషన్ వేయాలి, లేదా మీరు వీసా హోదా మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. మీ భార్య పని అనుమతి కూడా మీ హోదా మీదే ఆధారపడింది. మీరు రెండు జీతాలని లెక్కేస్తున్నారు. నేను ఒకటే అని లెక్కేస్తాను, ఎందుకంటే పోయే పరిస్థితి వస్తే రెండూ కలిసే పోతాయి.

అలాంటప్పుడు హీలాక్ ఆదుకుంటుందని నమ్మకండి. లైన్‌ను తగ్గించే, ఆపేసే అధికారం కొన్ని పరిస్థితుల్లో బ్యాంకుకు ఉంటుంది. ఇంటి విలువ బాగా పడిపోయినా, మీ ఆదాయం పోయి ఇక కట్టలేరని అనుకున్నా ఆపేయొచ్చు. 2008 సంక్షోభంలో చాలామందికి అలాగే జరిగింది. 2020లో కోవిడ్ మొదలైనప్పుడు కొన్ని పెద్ద బ్యాంకులు కొత్త దరఖాస్తులే తీసుకోలేదు. మీకు డబ్బు అత్యవసరమైన రోజు, బ్యాంకు భయపడే రోజు చాలాసార్లు ఒకటే అవుతుంది. ఒకవేళ లైన్ తెరిచే ఉన్నా, జీతం లేని ఇంట్లో దాన్ని వాడటమంటే ఇంటినే తాకట్టు పెట్టి కిరాణా సామాను కొనడం. 60 రోజుల్లో ఇల్లు అమ్మాల్సి వస్తే హీలాక్ బాకీ అమ్మకం రోజునే తీర్చాలి. ఏజెంట్ కమీషన్ పోను చేతికి వచ్చే డబ్బులో ఆ 25,000 ఉండదు. గోడకు కొట్టిన చెక్క ప్యానెళ్లకు కొనేవాళ్లు అంత ధర కట్టరు.

25,000 మీద ఎనిమిదిన్నర శాతం వడ్డీ అనుకుంటే మొదట్లో నెలకు వడ్డీయే 177 డాలర్లు. ‘అంతే కదా’ అనిపించడమే ఇందులో ప్రమాదం. రేటు మారుతుంది, అసలు అలాగే ఉంటుంది, డ్రా పీరియడ్ (లైన్ నుంచి డబ్బు తీసుకునే గడువు) అయిపోయాక వాయిదా ఒక్కసారిగా పెరుగుతుంది.

401కె లోన్ ఇంకా తప్పు దారి. ఉద్యోగం మానేసినా, పోయినా బాకీ మొత్తం తీర్చమనే ప్లాన్లు చాలా ఉన్నాయి. మరుసటి ఏడాది పన్ను రిటర్న్ గడువులోగా ఆ మొత్తాన్ని వేరే రిటైర్మెంట్ ఖాతాలో వేయలేకపోతే దాన్ని మీ ఆదాయంగా లెక్కేసి పన్ను వేస్తారు, మీ వయసుకు ఇంకో 10 శాతం పెనాల్టీ. జీతం ఆగిన ఏడాదే ఈ బిల్లు కూడా వచ్చి పడుతుంది.

ఫర్నిచర్ షాపు ‘వడ్డీ లేదు’ అన్న మాటను కాగితం మీద చదవండి. ఇలాంటి కార్డుల్లో చాలావాటికి వడ్డీ మాఫీ కాదు, వాయిదా మాత్రమే. 18 నెలల్లో చివరి డాలరు వరకు కట్టకపోతే కొన్న రోజు నుంచి వడ్డీ వేస్తారు. 7,000కు నెలనెలా 75 చొప్పున కట్టుకుంటూ పోతే, 30 శాతం రేటు మీద చివర్లో పడే వడ్డీ దాదాపు 2,800 డాలర్లు. వడ్డీ పడకుండా ఉండాలంటే నెలకు 389 కట్టాలి. ఇప్పటికే కార్డు బాకీ మోస్తున్న ఇల్లు ఈ క్రమశిక్షణ పాటిస్తుందని నేను అనుకోను. కటువుగా ఉన్నా చెప్పక తప్పదు.

మీ దారి ఇది. నెలకు మిగిలే 1,250తో ముందు కార్డుల బాకీ తీర్చండి, నాలుగు నెలల్లో అయిపోతుంది. తర్వాత ఆ 1,250 నేరుగా వేరే బ్యాంకులోని హై-యీల్డ్ (ఎక్కువ వడ్డీ ఇచ్చే) సేవింగ్స్ ఖాతాకు వెళ్లేలా పెట్టండి. రోజూ వాడే ఖాతాలో ఉంటే ఖర్చయిపోతుంది. ఎఫ్‌డీఐసీ రక్షణ (బ్యాంకు మునిగినా డిపాజిట్‌కు ఉండే బీమా) ఉందో లేదో చూసుకోండి. స్టాక్స్‌లో వద్దు, క్రిప్టోలో అసలే వద్దు, ఇండియాలో ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఈ పనికి వద్దు. కష్టం వచ్చిన వారంలోనే చేతికి రావాలి. ఇండియాకు పంపేది, బయటి తిండి కాస్త తగ్గిస్తే మీ అత్యవసర ఖర్చు నెలకు 7,000 అనుకోవచ్చు. మీ లక్ష్యం ఆరు నెలలకు 42,000. దాని పైన నలుగురికీ ఇండియా టికెట్ల డబ్బు. వీసా మీద ఉన్న ఏ కుటుంబానికీ ఇంతకంటే తక్కువ చెప్పను. ఇది రెండేళ్లకు పైగా పట్టే పని. అందుకే ఈ రోజే మొదలవ్వాలి.

బోనస్ 8,000లో 5,000 ఇదే ఖాతాకు. మిగిలిన 3,000 మీ గది బడ్జెట్. అప్పు లేకుండా, వాయిదా లేకుండా.

ఆ 3,000తో చేసే ముందు ఒక సంగతి. కాంట్రాక్టర్ జాబితాలో ఫైర్‌ప్లేస్ ఉంది కానీ కిటికీ మాట లేదు. అమెరికాలో చాలాచోట్ల అమల్లో ఉన్న నిర్మాణ కోడ్ ప్రకారం, బేస్‌మెంట్‌లో పడుకునే గదికి అగ్నిప్రమాదంలో మనిషి బయటికి రాగల కిటికీ లేదా తలుపు ఉండాలి. కిటికీ అయితే తెరిచినప్పుడు కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు, మొత్తం మీద 5.7 చదరపు అడుగుల ఖాళీ రావాలి. కింది అంచు నేల నుంచి 44 అంగుళాలు దాటకూడదు. టేపు పెట్టి కొలవండి, తర్వాత మీ ఊరి బిల్డింగ్ ఆఫీసును అడగండి, వాళ్ల మాటే చివరిది. కిటికీ సరిపోకపోతే అక్కడ అమ్మానాన్నలను పడుకోబెట్టకండి. పునాది గోడ కోసి కిటికీ పెట్టించడానికి కొన్ని వేల డాలర్లవుతాయి, అది ఈ ఏడాది మీ పని కాదు. పైనున్న గదుల్లో ఏదో ఒకటి వాళ్లకిచ్చి, ఆఫీసో పిల్లల ఆటసామానో కిందికి మార్చండి. వాళ్ల మోకాళ్లకూ మెట్ల బాధ తప్పుతుంది.

కిటికీ బాగుందా? అయితే డబ్బును ఈ వరుసలో ఖర్చు పెట్టండి. మొదట రేడాన్ (నేలలోంచి ఇంట్లోకి చేరే హానికరమైన రేడియోధార్మిక వాయువు) పరీక్ష. ఒహాయోలో ఇది పట్టించుకోవాల్సిన విషయం, కిట్ ఖరీదు చాలా తక్కువ. ఫలితం లీటరుకు 4 పికోక్యూరీలు, అంతకు మించి వస్తే తగ్గించే ఏర్పాటు చేయించాలని పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. అప్పుడు గది అలంకరణ ఆగుతుంది, ఆ డబ్బు అటు వెళ్తుంది. తర్వాత పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం. ఆ తర్వాత డీహ్యుమిడిఫయర్. తేమ 50 శాతం లోపు ఉంటేనే గది గదిలా ఉంటుంది. ఎంత ఖరీదైన పరుపైనా చెమ్మ వాసన వస్తే ఎవరికీ నిద్ర పట్టదు.

ఇక అందం. బేస్‌మెంట్ గది దిగులుగా కనిపించేది తెల్లటి ట్యూబ్‌లైట్ వెలుగు వల్ల, తక్కువ ఎత్తు వల్ల, చల్లటి నేల వల్ల. మూడింటికీ చవకైన మందు ఉంది. సీలింగ్‌లో ఒకే లైటు బదులు రెండు మూడు ల్యాంపులు వేరువేరు మూలల్లో పెట్టి, 2700 కెల్విన్ బల్బులు వేయండి. సాయంత్రం దీపాల వెలుగులా పసుపుగా, మెత్తగా ఉంటుంది. గోడలకు వెచ్చటి తెలుపు, మీరే వారాంతంలో వేసుకోవచ్చు. కర్టెన్ రాడ్‌ను కిటికీ మీద కాకుండా సీలింగ్ దగ్గరగా, కిటికీ కంటే వెడల్పుగా బిగిస్తే చిన్న కిటికీ కూడా పెద్దగా కనిపిస్తుంది. కిటికీ ఎదుటి గోడకు ఒక అద్దం. మంచం పెద్దవాళ్లు సులువుగా లేచేంత ఎత్తులో ఉండాలి, అల్మారా మాత్రం పొట్టిదే తీసుకోండి. గోడ నుంచి గోడ దాకా కార్పెట్ వేయించకండి, నీళ్లు వస్తే మొత్తం పీకేయాలి. ఇప్పుడున్న నేల మీద దర్రీలు చాలు. పరుపు ఒక్కటి కొత్తది కొనండి, మిగతా ఫర్నిచర్ ఇల్లు ఖాళీ చేసేవాళ్ల దగ్గర మంచిది దొరుకుతుంది.

అమ్మానాన్న సూట్‌కేసుల్లో పచ్చళ్లతో పాటు ఒక వరంగల్ దర్రీ, పెడన కలంకారీ దుప్పటి, పోచంపల్లి ఇక్కత్ దిండు గలేబులు తెమ్మనండి. ఏ చెక్క ప్యానెల్ ఇవ్వలేని సొంత ఇంటి కళ ఆ గదికి వాటితో వస్తుంది. వాళ్లకు అక్కడ కొత్తగా అనిపించదు.

ఇన్సూరెన్స్ రెండు ముక్కల్లో. మామూలు ఇంటి పాలసీ వరద నష్టం ఇవ్వదు. డ్రైనేజీ వెనక్కి తన్నినా, సంప్ పంప్ (బేస్‌మెంట్ కింద చేరే నీటిని బయటికి తోడే పంపు) ఆగి నీళ్లు నిండినా విడిగా ఎండార్స్‌మెంట్ (పాలసీకి అదనంగా కలిపే కవర్) ఉంటేనే ఇస్తుంది. గదిలో ఒక్క వస్తువు పెట్టకముందే ఏజెంట్‌కు ఫోన్ చేసి అది కలపండి. అమ్మానాన్నలకు విజిటర్ పాలసీ తీసుకునేటప్పుడు ప్రీమియం తక్కువని ఒక్కో చికిత్సకు ఇంతే ఇస్తామనే ఫిక్స్‌డ్ ప్లాన్ తీసుకోవద్దు, కాంప్రిహెన్సివ్ తీసుకోండి. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బుల గురించి అందులో ఏం రాశారో చదవండి. ఇక్కడ ఒక రాత్రి ఆసుపత్రి బిల్లు మీ 9,000ను ఊడ్చేయగలదు. మీ పేరు మీద కంపెనీ ఇచ్చే లైఫ్ కవర్ తప్ప ఏమీ లేకపోతే సొంత టర్మ్ పాలసీ కూడా ఈ నెలలోనే చూడండి.

చిట్టీకి నా జవాబు వద్దు. ఇండియాలో రిజిస్టరైన చిట్‌కు 1982 చిట్ ఫండ్స్ చట్టం ఉంది. వాట్సాప్‌లో నడిచే ఫ్రెండ్స్ చిట్టీకి మాట తప్ప మరేమీ లేదు. ముందే పాడుకుంటే అదీ అప్పే. మీ ఉద్యోగం పోయిన నెలలో కూడా మీ వంతు కట్టాలి, కట్టలేకపోతే డబ్బుతో పాటు స్నేహాలూ పోతాయి.