చిన్నీకి పిన్ని ఉత్తరం: లెటర్లు అడిగే ముందు

చిన్నీకి పిన్ని ఆశీర్వదించి రాయునది.

మా నాన్నగారి ఉత్తరాలు ఇలాగే మొదలయ్యేవి. ఒక్కసారైనా నేనూ రాయాలనిపించింది. అమెరికా డెంటల్ స్కూళ్లలో సీటు గురించి మొన్న ఆదివారం ఫోన్లో "డెంటల్ బోర్డు పరీక్ష ఐఎన్‌బీడీఈ అయిపోయింది, టోఫెల్ అయిపోయింది, ఇంక రికమెండేషన్ లెటర్లేగా పిన్నీ, కాలేజీకి ఫోన్ కొడితే ఇచ్చేస్తారు" అన్నావు చూడు, అప్పుడే అనుకున్నా, ఇది కూర్చుని రాయాల్సిన సంగతని. ఆ "లెటర్లేగా" దగ్గరే నాకు ఏడాది పోయింది.

మొదటిసారి అప్లై చేసినప్పుడు మా ప్రిన్సిపాల్ గారిని అడిగా. "నువ్వే రాసి తీసుకురామ్మా, సంతకం పెడతా" అన్నారు. హెచ్ఓడీ గారిదీ అదే మాట. ఇంకో ప్రొఫెసర్ గారిదీ అదే మాట. ఒక్క రాత్రి కూర్చుని మూడూ నేనే రాసేశా. మూడింట్లోనూ నేను సిన్సియర్, మూడింట్లోనూ హార్డ్ వర్కింగ్. ముగ్గురు పెద్దవాళ్లకీ ఒకటే ఇంగ్లీషు, ఒకే చోట ఒకే స్పెల్లింగ్ తప్పు. ఒక్క ఇంటర్వ్యూ రాలేదు. లెటర్ల వల్లేనని నాకెవరూ చెప్పలేదనుకో. కానీ మరుసటి సంవత్సరం వాటిని తీసి చదివితే సిగ్గేసింది. ఆ కాగితాల్లో ఉన్న పిల్ల ఎవరైనా కావచ్చు.

రెండోసారి ప్రోస్థోలో, అంటే కట్టుడు పళ్ల విభాగంలో, మాకు క్లినిక్ చూసిన మేడమ్‌ని అడిగా. అప్పటికి ఆవిడ రీడర్, పెద్ద హోదా ఏం కాదు. ఫైనలియర్‌లో నాకొక కంప్లీట్ డెంచర్ (మొత్తం కట్టుడు పళ్ల సెట్టు) కేసు ఉండేది, ఒక తాత. ట్రై-ఇన్ రోజు, అంటే మైనంలో అమర్చిన పళ్లు నోట్లో పెట్టి చూసే రోజు, పళ్ల వరస చూసుకుని నేను మురిసిపోతున్నా. మేడమ్ వచ్చి "తాతా, సీత అను" అన్నారు. తాత నోట్లోంచి ఈల వచ్చింది. పక్క చెయిర్ల వాళ్లంతా నవ్వారు. నేను ఓపీ అయ్యాక ఆగిపోయి, మైనంలోంచి ముందు పళ్లు తీసి మళ్లీ అమర్చా. మర్నాడు "సీత" సరిగ్గా పలికింది. ఇదంతా నేను మర్చిపోయా. ఏళ్ల తర్వాత ఇక్కడ ఇంటర్వ్యూలో ఒకాయన నవ్వుతూ, "ఇంతకీ ఆ పెద్దాయన ఈల ఆగిందా?" అని అడిగాడు. మేడమ్ ఏం రాశారో నాకు అప్పుడు తెలిసింది.

అందుకే, నీ చేతిపని దగ్గరుండి చూసినవాళ్లని వెతుక్కో. చాలా స్కూళ్లు డీన్ లెటర్ అడుగుతాయి, అంటే మనకి ప్రిన్సిపాల్ గారిది. అది తీసుకోక తప్పదు, తీసుకో. బరువు మాత్రం మిగతావాటి మీద పెట్టు. ఇక్కడ నువ్వు అసిస్టెంట్‌గా చేస్తున్న క్లినిక్ డాక్టర్ కూడా పనికొస్తాడు. ఏ స్కూలుకి ఎవరి లెటర్ కావాలో వాళ్ల పేజీలోనే చూసుకో, వాట్సాప్ గ్రూపుల మాట నమ్మకు.

అడిగేటప్పుడు "లెటర్ ఇస్తారా" అనకు. "వివరంగా రాసేంత నేను మీకు గుర్తున్నానా మేడమ్?" అని అడుగు. మనవాళ్లు మొహం మీద కాదనరు. "చూద్దాంలే అమ్మా" అన్నారంటే కాదన్నట్టే. థాంక్స్ చెప్పి ఇంకొకరి దగ్గరికి వెళ్లు.

"నువ్వే రాసుకురా" అనే మాట నీకూ వస్తుంది. వాదించకు. "రాయాల్సింది మీరే మేడమ్, నేను పాయింట్లు పంపుతా" అను. ఒక్క పేజీ చాలు: ఏ ఏడు, ఏ పోస్టింగు, లాగ్ బుక్‌లోంచి రెండు మూడు కేసులు. అందులో ఒక్కటైనా చెడి, నువ్వు సరిచేసినది ఉండాలి. కింద సీవీ, గడువు తేదీ. ఇంగ్లీషు టైపు చేసే ఓపిక ఆవిడకి లేకపోతే పీజీ పిల్లలెవరికైనా చెప్పి రాయించుకుంటారు. నువ్వు మాత్రం వేలు పెట్టకు.

అదే పేజీలో పేర్ల సంగతీ రాయి. పెళ్లయ్యాక నీ పాస్‌పోర్టులో ఇంటిపేరు మారింది, మేడమ్‌కి నువ్వు పాత పేరుతోనే తెలుసు. రెండూ ఇవ్వు. యూనివర్సిటీకీ అదే గొడవ: ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీకి 2022లో వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ పాత పేరు తెచ్చారు. నీ మార్కుల లిస్టుల మీద ఏ పేరుందో చూసి అదే రాయమను.

కాపిడ్, అదే ఈ స్కూళ్లకి అప్లికేషన్ పెట్టే పోర్టల్, సాధారణంగా మార్చిలో తెరుస్తారు. అందుకే జనవరిలోనే తొందరపెడుతున్నా. నువ్వు లెటర్ రాసేవాళ్ల ఈమెయిల్ ఎక్కించగానే పోర్టల్ నుంచి వాళ్లకి లింకు వెళ్తుంది. అది సగంసార్లు స్పామ్‌లో పడుతుంది, కాబట్టి ఆ రోజే వాట్సాప్‌లో చెప్పు. ఒకసారి లెటర్ ఎక్కిందంటే తీయడం, మార్చడం కుదరదు.

ఫారంలో ఇంకో ప్రశ్న ఉంటుంది, లెటర్ చూసే హక్కు వదులుకుంటావా అని. 1974లో ఇక్కడ వచ్చిన ఫెర్పా చట్టం చదువుకునేవాళ్లకి ఇచ్చిన హక్కు అది. హక్కు అనగానే మనకి వదలబుద్ధి కాదు. వదిలెయ్. నువ్వు చూడవని తెలిస్తేనే చదివేవాళ్లు ఆ మాటలు నమ్ముతారు. నేనూ వదిలా కాబట్టే ఆ తాత ఈల సంగతి నాకు అంత ఆలస్యంగా తెలిసింది.

మీ పెడో (పిల్లల పళ్ల విభాగం) మేడమ్‌కి ఓపీ అయిపోయాక, అక్కడ సాయంత్రం నాలుగున్నరకి ఫోన్ చెయ్యి. డల్లాస్‌లో ఇప్పుడది తెల్లవారుజామున ఐదు, అలారం పెట్టుకో. పూతరేకుల డబ్బా సీటొచ్చాకే పంపు. నేను ముందే పంపితే మా మేడమ్ తిప్పి పంపేశారు.

మీ పిన్ని